బాక్సు మారిస్తే జీపు తిన్నగా పోదు

ఎత్తు లేపిన జీపు రోడ్డు మీద నిలవడం లేదంటే మన షెడ్లలో వరసగా మూడు పనులు జరుగుతాయి. ముందు స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే పళ్ళ పెట్టె) మూత మీదుండే స్క్రూను పావు చుట్టు బిగిస్తారు. నెల తిరక్కముందే ఇంకో పావు చుట్టు. ఆ పైన "బాక్సు అయిపోయిందన్నా, మార్చాల్సిందే" అనేస్తారు. బాక్సు మారుతుంది, డబ్బు చేతులు మారుతుంది, జీపు మాత్రం నెల్లూరు దాటి హైవే ఎక్కి అరవై అందుకోగానే మళ్ళీ తాగినోడి నడకే.

నేను చెప్పదలచింది ఒకటే. బాక్సు మార్చడమంటే నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించడం కాదు. ఆ పనిలో ముప్పాతిక వంతు బాక్సు బయటే ఉంది: బండి చట్రమైన ఛాసీలో, బాక్సు కింద ఊగే డ్రాప్ ఆర్మ్‌లో, ఆ ఆర్మ్ కదలికను చక్రాలకు చేర్చే డ్రాగ్ లింకు కడ్డీ పొడవులో, ముందు యాక్సిల్ కూర్చున్న కోణంలో. ఆ ముప్పాతిక చేయకుండా పాతిక చేసి బిల్లు రాసేదే మన దగ్గర ఎక్కువ.

ఇక్కడ చెప్పేదంతా ముందు రెండు చక్రాలనూ కలిపే గట్టి యాక్సిల్, కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు), గోళీల బాక్సు ఉన్న బండ్లకు. పాత మహీంద్రా జీపులు, జిప్సీలు ఆ కోవలోవే. కమాన్ల బదులు టార్షన్ బార్లు, గోళీల బాక్సు బదులు ర్యాక్ అండ్ పినియన్ ఉన్న పాత థార్ సీఆర్‌డీఈకి ఈ లెక్క పనికిరాదు. మన జిల్లాల్లో తిరిగే మార్చిన జీపు ఎట్లా ఉంటుందో తెలిసిందే. కమాన్ కట్టకు రెండు పట్టీలు ఎక్కువ, కమాన్ కొసను ఛాసీకి తగిలించే షాకిళ్ళు రెండంగుళాలు పొడవు, 31 అంగుళాల టైర్లు, బయటికి పొడుచుకొచ్చిన రిమ్ములు. చీమకుర్తి క్వారీ దారుల్లో రాళ్ళ మీద, కొత్తపట్నం, మైపాడు ఇసకలో, ఉదయగిరి కొండ కింద వాగుల్లో దాన్ని తిప్పుతారు. పుట్టినప్పుడు 6.00-16 సన్న టైర్లకు లెక్కేసిన బాక్సు ఇప్పుడు ఈ బరువంతా మోస్తా ఉంది. అరగడంలో వింతేమీ లేదు. అయితే అరిగింది అదొక్కటేనా అన్నదే ప్రశ్న.

లోపల ఏముంది, స్క్రూ ఏం చేస్తుంది

స్టీరింగ్ కడ్డీ చివర మర మాదిరి గాడులు తీసిన వార్మ్ షాఫ్టు ఉంటుంది. దాని మీద ఒక నట్టు. ఆ రెంటి గాడుల మధ్య ఉక్కు గోళీలు వరసగా దొర్లతా ఉంటాయి. నట్టుకు బయటివైపు పళ్ళు, ఆ పళ్ళకు కరుచుకుని సెక్టార్ షాఫ్టు, దాని చివర డ్రాప్ ఆర్మ్. పుస్తకాలు పిట్‌మన్ ఆర్మ్ అంటాయి, లారీ మేస్త్రీలు డ్రాప్ ఆర్మ్ అంటారు, రెండూ ఒకటే.

ఈ పళ్ళు కోసే తీరులో ఒక కిటుకుంది. నడిమిలో బిర్రుగా, అటూ ఇటూ పోయేకొద్దీ కాస్త వదులుగా ఉండేటట్టు కోస్తారు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి ముందు అరిగేది నడిమి పళ్ళే. ఆ అరుగుదలను స్క్రూ తిప్పి సర్దుకున్నప్పుడు పక్క పళ్ళు పట్టేయకూడదు. అందుకే పక్కన ఆ సందు.

ఇందులోంచి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, స్క్రూను బాక్సు సరిగ్గా నడిమిలో ఉన్నప్పుడే తిప్పాలి, అదీ డ్రాగ్ లింకు ఊడదీసి. చక్రాలు పక్కకు తిరిగి ఉన్నప్పుడు అక్కడి వదులు చూసి బిగిస్తే నడిమికి వచ్చేసరికి పళ్ళు పట్టేస్తాయి. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, డ్రైవరు లాక్కోవాలి. పళ్ళ మీద రాపిడి పెరిగి ఉన్న కాస్త గట్టి పొర కూడా పోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం, మనవాళ్ళు పట్టించుకోనిదీ ఇదే. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్సు కూడా తన నడిమిలోనే ఉండాలి. జీపును ఎత్తు లేపగానే డ్రాగ్ లింకు ఏటవాలై, దాని అడ్డం కొలత తగ్గి, బాక్సును నడిమి నుంచి పక్కకు లాగుతుంది. స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. అప్పుడు షెడ్డులో ఏం చేస్తారు? స్టీరింగ్ చక్రం పీకి, తిన్నగా తిప్పి, మళ్ళీ తగిలించి ఇచ్చేస్తారు. కంటికి బ్రహ్మాండంగా ఉంటుంది. లోపల బాక్సు మాత్రం అరచుట్టు పక్కన, వదులు పళ్ళ మీద నడస్తా ఉంటుంది. కొత్త బాక్సు తెచ్చి ఇదే తప్పు చేస్తే కొత్త బాక్సులోనూ ప్లే (వదులు) కనపడుతుంది. "కొత్తది కూడా డూప్లికేట్ ఇచ్చాడన్నా" అనే మాట పుట్టేది ఇక్కడే.

దీన్ని తేల్చుకోవడానికి పదిహేను నిమిషాలు చాలు. డ్రాగ్ లింకును డ్రాప్ ఆర్మ్ దగ్గర విడదీయండి. స్టీరింగ్‌ను ఒక కొస నుంచి ఇంకో కొసకు నిదానంగా తిప్పి చుట్లు లెక్కపెట్టండి, కొస దగ్గర బలంగా కొట్టనీయకుండా. నాలుగు చుట్లు వచ్చిందనుకోండి, రెండు చుట్లు వెనక్కి వస్తే అదే నడిమి. అక్కడ స్టీరింగ్‌కు, కాలమ్‌కు సుద్దముక్కతో గీత పెట్టండి. ముందు చక్రాలను తిన్నగా పెట్టి, డ్రాగ్ లింకు చివరి కోను (కొసకు సన్నబడే పిన్ను) డ్రాప్ ఆర్మ్ కన్నంలోకి తనంతట తాను దిగుతుందా చూడండి. దిగకపోతే మీ రోగం బాక్సు కాదు, లింకు పొడవు.

బాక్సును ఉరితీసే ముందు

ఇద్దరు మనుషులు, అరగంట. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను గడియారంలో పదికీ రెండుకీ మధ్య అటూ ఇటూ ఆడిస్తా ఉండాలి. చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ ఎత్తకూడదు. పవర్ స్టీరింగ్ అయితే ఇంజను ఆన్‌లో, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి. ఇంకొకరు కింద చేరి ఒక్కో కీలు మీద చెయ్యి పెట్టాలి. కంటికి కనపడని కదలిక వేలికి దొరుకుతుంది.

స్టీరింగ్ కడ్డీని బాక్సుకు కలిపే కాలమ్ జాయింటుతో మొదలెట్టండి. తర్వాత బాక్సుకు, ఛాసీకి మధ్య వేలు పెట్టండి. ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి కదలిక ఉన్నా బాక్సు మార్చి లాభం లేదు, ఛాసీ పని ముందు. ఆ తర్వాత సెక్టార్ షాఫ్టు పక్కలకు ఊగుతుందా, డ్రాప్ ఆర్మ్ స్ప్లైన్ల (షాఫ్టు కొస మీది నిలువు గాడుల) మీద కదులుతుందా, డ్రాగ్ లింకు రెండు చివర్లు, ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్ రెండు చివర్లు, చక్రం పక్కకు తిరిగే ఇరుసైన కింగ్ పిన్ను బేరింగులు, వీల్ బేరింగులు. చివరగా మనవాళ్ళు ఎప్పుడూ చూడని చోటు: కమాన్ కన్ను బుష్షులు, షాకిల్ బుష్షులు, కమాన్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు. కమాన్ బుష్షు అరిగితే యాక్సిలే పక్కకు జరుగుతుంది. యాక్సిల్ జరిగితే డ్రాగ్ లింకు తిప్పినట్టే లెక్క, స్టీరింగ్ పట్టుకున్నవాడు కదలకపోయినా.

ఆపైన క్యాస్టర్. కింగ్ పిన్ను పైకొస ఎంత వెనక్కి వాలి ఉందో అదే క్యాస్టర్. చక్రాన్ని తిన్నగా నడిపించేది, మలుపు తర్వాత వెనక్కి తెచ్చేది అదే. విల్లీస్ కాలం నాటి జీపుకు అది 3 డిగ్రీలు. ఇప్పుడు పొడవు షాకిల్ లెక్క చూడండి. కమాన్ కన్ను నుంచి కన్నుకు మీటరు ఉందనుకుంటే, ఒక కొసను 50 మిల్లీమీటర్లు దించితే కమాన్ దాదాపు 3 డిగ్రీలు వాలుతుంది. షాకిల్ ముందువైపు ఉన్న బండికి ఆ వాలు మొత్తం క్యాస్టర్‌లోంచి పోతుంది, అంటే మిగిలేది సున్నా. షాకిల్ వెనకవైపు ఉంటే క్యాస్టర్ పెరుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, యాక్సిల్ మూతి (పినియన్) కిందికి చూసి ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు మీద పడుతుంది. పైగా రెండంగుళాల షాకిల్‌కు బండి లేచేది ఒక్క అంగుళమే. ఈ బేరంలో లాభమేమిటో నాకైతే అర్థం కాదు. యాక్సిల్ మీద చదునైన చోట ఫోన్‌లో కోణం కొలిచే యాప్ పెట్టి, పాత షాకిల్‌తో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి కొలవండి. తేడా ఎంతుందో అంత కోణం ఉన్న ఉక్కు చీలికను కమాన్‌కు, యాక్సిల్ ప్యాడ్‌కు మధ్య పెట్టి తిరిగి తేవచ్చు. అల్యూమినియం చీలికలు రాళ్ళ మీద నలిగి యూ బోల్టులు వదులవుతాయి, వద్దు.

ఇవన్నీ సరిచేశాక కూడా డ్రాగ్ లింకు ఊడదీసిన బాక్సులో నడిమిన ప్లే ఉంటే, లేదా తిప్పేటప్పుడు గరగర, మెట్లు మెట్లుగా తగిలితే, అప్పుడు బాక్సు మార్చండి.

ఏ బాక్సు

అదే మోడలుకు అదే బాక్సు కొత్తది దొరికితే తల నొప్పి సగం తగ్గినట్టే. మనవాళ్ళకు మాత్రం పాత సామాను కొట్లో దొరికే పవర్ బాక్సు మీద మోజు. పెద్ద టైర్లతో రాళ్ళ మధ్య ఇరుక్కున్నప్పుడు పవర్ సుఖమే, కాదనను. కానీ కొనేముందు చూడాల్సింది ధర కాదు, అది ఏ పక్కకు తిరుగుతుందన్నది.

ఒక బండిలో డ్రాప్ ఆర్మ్ వెనక్కి చూస్తా ఉంటుంది, ఇంకోదాంట్లో ముందుకు. ఆర్మ్ కొస ముందుకున్నదాన్ని తెచ్చి వెనక్కి చూసేటట్టు బిగిస్తే స్టీరింగ్ కుడికి తిప్పితే బండి ఎడమకు పోతుంది. ఇది హాస్యానికి చెప్పడం లేదు. బిగించి, హోసులన్నీ కలిపాక తెలిస్తే ఎంత పని వృథానో ఆలోచించండి. కొట్లోనే బాక్సును మీ బండిలో కూర్చునే తీరుగా చేత్తో పట్టుకుని, ఇన్‌పుట్ షాఫ్టును కుడికి తిప్పి, ఆర్మ్ కొస ఎటు పోతుందో చూసి, మీ పాత బాక్సుతో పోల్చుకోండి.

కొస నుంచి కొసకు తిప్పినప్పుడు ఎక్కడా గుచ్చుకున్నట్టు ఆగకూడదు. రెండు కొసల దగ్గర తేలిగ్గా, నడిమికి వచ్చేసరికి సన్నగా బరువు తెలియాలి. నడిమిలో బరువు తెలియకపోతే పళ్ళు అరిగాయి. నడిమిలో పట్టేస్తే ఎవరో స్క్రూ బిగించి అమ్ముతున్నారు. సెక్టార్ షాఫ్టు స్ప్లైన్లను పక్కనుంచి చూడండి, నేరుగా ఉన్నాయా, తాడు పేనినట్టు మెలి తిరిగాయా? మెలి తిరిగిందాన్ని ఊరికే ఇచ్చినా వద్దు. పెన్న వరదలు చూసిన ఊళ్ళు మనవి, నీళ్ళలో మునిగిన బండి బాక్సు పైకి రంగేసి కొత్తగా కనపడుతుంది. నింపే మూత తీసి వేలు పెట్టండి. పాల మాదిరి తెల్లటి గ్రీజో, ఎర్రటి తుప్పు మడ్డో తగిలితే గోళీలు గుంటలు పడి ఉంటాయి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్, కంపెనీ చెప్పిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడు సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అరిగిన బాక్సు స్థానంలో అదే రకం బాక్సు పెట్టడం మరమ్మతు. వేరే రకం బాక్సు, లేపిన కమాన్లు, వెడల్పు టైర్లు వేరే సంగతి. ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి కాగితం పుచ్చుకోవడం మేలు.

విప్పడం, ఆపైన ఛాసీ

బండిని చదునైన చోట నిలిపి, చక్రాలు తిన్నగా పెట్టి, ఛాసీ కింద స్టాండ్లు పెట్టండి. జాకీ మీద నమ్మకంతో కింద దూరొద్దు. డ్రాప్ ఆర్మ్‌కు, సెక్టార్ షాఫ్టుకు కలిపి ఒక గీత. కాలమ్ జాయింటుకు, ఇన్‌పుట్ షాఫ్టుకు ఇంకో గీత. కాలమ్ జాయింటు బిగింపు బోల్టును పూర్తిగా బయటికి తీయాలి, అది షాఫ్టు మీది గాడిలో కూర్చుని ఉంటుంది. వదులు చేసి లాగితే రాదు, సుత్తి అందుకుంటారు.

సుత్తి గురించి ఒక మాట. టై రాడ్ ఎండు కోను విడవాలంటే దాని చుట్టూ ఉన్న ఆర్మ్ పక్కల మీద రెండు సుత్తులతో ఎదురెదురుగా ఒక్క దెబ్బ వేస్తే ఊడుతుంది, అది ఒప్పే. డ్రాప్ ఆర్మ్‌ను సెక్టార్ షాఫ్టు నుంచి ఊడదీయడానికి మాత్రం సమ్మెట తగలనివ్వొద్దు. ఆ దెబ్బ షాఫ్టు వెంబడి పళ్ళలోకి, గోళీల్లోకి పోయి వాటి దారిలో గుంటలు పడతాయి. పాత బాక్సును తుక్కుకేస్తున్నా ఆ ఆర్మ్ మళ్ళీ వాడాల్సిందే కదా. పుల్లర్ పెట్టండి, బిర్రుగా బిగించి కాసేపు వదిలేయండి, తర్వాత ఇంకాస్త. టప్‌మని తనే వస్తుంది. గ్యాస్ మంట పెట్టి కాల్చడం అసలే వద్దు. ఆర్మ్ ఫోర్జింగ్ చేసి గట్టిపరచిన ఉక్కు, ఎర్రగా కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది. లిఫ్టు చేసిన జీపులకు ఆర్మ్‌ను కాల్చి కిందికి వంచడం మన షెడ్లలో మామూలైపోయింది. అట్లాంటి ఆర్మ్ విరిగితే బండి ఎటు పోతుందో దానిష్టం, బ్రేకు ఒక్కటే మీ చేతిలో మిగిలేది. వంచిన గుర్తులు, నీలం మరకలు కనపడితే ఆ ఆర్మ్ అక్కడే పారేయండి.

బాక్సు ఊడిందా, అసలు పని ఇప్పుడు మొదలైంది. బాక్సు వెనక ఛాసీని వైర్ బ్రష్షు కొట్టి, డీజిల్‌తో కడిగి, తెల్లటి ఇనుము కనపడేదాకా శుభ్రం చేయండి. రొయ్యల చెరువుల గట్ల మీద, సముద్రం ఒడ్డున తిరిగే బండ్లలో ఛాసీ లోపలివైపు ఉప్పుతో పొరలు పొరలుగా లేచి ఉంటుంది. బయటికి 3 మిల్లీమీటర్లు ఉన్నట్టే కనపడి, స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగబడుతుంది. బోల్టు కన్నాలు గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయా? కన్నం అంచు నుంచి వెంట్రుక లాంటి బీట ఏదన్నా మొదలైందా? కంటికి ఆనకపోతే వెల్డింగ్ సామాను కొట్లలో దొరికే బీటలు పట్టే స్ప్రే డబ్బాలు మూడింటి సెట్టు తెచ్చుకోండి. ఒకటి కడగడానికి, ఒకటి ఎర్ర రంగు, ఒకటి తెల్లది. ఎర్రది కొట్టి, ఆరకముందే కాసేపు నాననిచ్చి, తుడిచి, తెల్లది కొడితే బీట ఉన్నచోట ఎర్రగీత పైకి తేలుతుంది.

బీట దొరికితే దాని కొస ఎక్కడ ఆగిందో చూసి అక్కడ 6 మిల్లీమీటర్ల కన్నం వేయాలి. లేకపోతే వెల్డింగ్ కింద కూడా బీట పాకతానే ఉంటుంది. ఆ తర్వాత గ్రైండరుతో బీట వెంబడి వి ఆకారంలో గాడి తీసి, లోపలిదాకా దిగేటట్టు వెల్డింగ్. దాని మీద పట్టీ వేసేటప్పుడు నిలువుగా కత్తిరించిన పలక వద్దు. నిలువు అంచు దగ్గరే ఛాసీ మళ్ళీ చీలుతుంది. రెండు కొసలూ కోసుగా, వజ్రం ఆకారంలో కత్తిరించిన పలక వేసి, కోసు మొనల దగ్గర వెల్డింగ్ ఆపేయండి.

బోల్టు కన్నాలకు స్లీవులు తప్పనిసరి. ఛాసీ డబ్బా ఆకారంలో ఉన్నచోట బోల్టును ఎంత బిగిస్తే అంత ఛాసీ గోడలు లోపలికి నొక్కుకుంటాయి, బోల్టు బిర్రు నిలవదు. నెలకోసారి బాక్సు బోల్టులు వదులవుతున్నాయంటే కారణం ఇదే, బోల్టు నాణ్యత కాదు. బోల్టు దూరేంత లోపలి కొలత ఉన్న మందపాటి సీమ్‌లెస్ గొట్టం ముక్కను ఛాసీ వెడల్పుకు సరిగ్గా లేత్ మీద కోయించి, ఛాసీ గుండా దూర్చి రెండువైపులా వెల్డ్ చేయాలి. కొసలు ఛాసీ గోడకు సమంగా గ్రైండ్ చేయాలి. ఛాసీ అవతలివైపు 6 మిల్లీమీటర్ల పలక ఒకటి, నాలుగు బోల్టులకూ కలిపి. బోల్టులు 8.8 గుర్తుకు తగ్గకూడదు, 10.9 అయితే మంచిది. తల మీద గుర్తు లేని బోల్టును ఇంట్లో మంచానికి వాడుకోండి. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు 80 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు పడుతుంది. మీ బండి మాన్యువల్ ఇంకేదన్నా చెబితే అదే వినండి.

వెల్డింగ్ అప్పుడు బాక్సు ఛాసీ మీద ఉండకూడదు. కన్నాలు కుదరడానికి కచ్చితంగా పెట్టాల్సి వస్తే టాకాలు వేసి తీసేయండి. వెల్డింగ్ కరెంటు స్టీరింగ్ బాక్సు గుండా పోతే గోళీల మీద చిన్న చిన్న కాలిన చుక్కలు పడతాయి, కొత్త బాక్సు మొదటి రోజే గరగరమంటుంది. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటుకు జానెడు దూరంలో ఉండాలి, బ్యాటరీ తీగ విప్పి ఉండాలి. బాక్సు పోత ఇనుము, దాన్ని ఛాసీకి వెల్డ్ చేసేస్తానన్న మేస్త్రీ ఎదురైతే టీ తాగించి పంపించేయండి.

పెద్ద టైర్లు ఉంటే బాక్సు ఉన్న చోట ఛాసీ కమ్మీ నుంచి ఎదురు కమ్మీకి ఒక అడ్డ కడ్డీ వేయడం మంచి ఖర్చు. డ్రాప్ ఆర్మ్ తోసినప్పుడల్లా ఛాసీ కమ్మీ బయటికి మెలి తిరగతా ఉంటుంది. ఇద్దరు మనుషుల పరీక్షలో ఆ మెలి కంటికే కనపడుతుంది.

బిగించడం

బాక్సు కూర్చునే చోట రంగు, వెల్డింగ్ బొట్టు ఏమీ ఉండకూడదు. నాలుగు బోల్టులూ చేత్తో దిగాలి. ఒక్కటి దిగకపోయినా బలవంతంగా లాగొద్దు, బాక్సు ఒంటి మీద ఒత్తిడి పడి లోపల షాఫ్టు బిగుసుకుంటుంది. ముందు బోల్టులు వదులుగా ఉంచి, కాలమ్ జాయింటు తొడిగి, బిగింపు బోల్టు గాడిలో పడిందా చూసి, అప్పుడు బాక్సు బోల్టులు బిగించండి.

వేరే బండి బాక్సు అయితే కాలమ్ కోణం కలవదు, మధ్యలో రెండు యూనివర్సల్ జాయింట్ల షాఫ్టు పెట్టాల్సి వస్తుంది. మధ్య షాఫ్టు రెండు కొసల ఫోర్కులూ ఒకే తలంలో ఉండాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే ఒక్కో చుట్టులో రెండుసార్లు బరువు, రెండుసార్లు తేలిక తగులుతుంది. అది బాక్సు లోపమని మళ్ళీ స్క్రూ వైపు పోతారు. ఒక్కో జాయింటు వంపు 30 డిగ్రీలు దాటనీయొద్దు. మూడు జాయింట్లు తప్పకపోతే మధ్యలో ఛాసీకి బిగించిన బేరింగు ఉండాలి. కాలమ్ షాఫ్టును ముక్కలు కోసి అతికి వెల్డ్ చేయడం మాత్రం మానుకోండి.

ఇప్పుడు వరస తప్పకూడదు. బాక్సును చుట్లు లెక్కపెట్టి నడిమికి తెచ్చి, అక్కడే తాడుతో స్టీరింగ్ కట్టేయండి. డ్రాప్ ఆర్మ్‌ను గీత ప్రకారం తొడగండి. చాలా బాక్సులకు వెడల్పు స్ప్లైన్లు ఉండి ఆర్మ్ ఒకే తీరున దిగుతుంది, లేనివాటికి గీతే దిక్కు. స్ప్రింగ్ వాషరు, నట్టు, మాన్యువల్‌లో చెప్పిన బిగింపు. ఇది మామూలు పానాతో అయ్యే బిగింపు కాదు. సాగినా అనే అమెరికా కంపెనీ బాక్సులకు 250 న్యూటన్ మీటర్ల దాకా చెబుతారు, మీటరు గొట్టం తగిలించిన పానా మీద పాతిక కిలోలు వేలాడినంత. చక్రాలు తిన్నగా పెట్టి, డ్రాగ్ లింకు పొడవును దాని మీదుండే మర గొట్టం (స్లీవు) తిప్పి సర్ది, కోను తనంతట తాను దిగేటట్టు చేయండి. స్లీవు చాలకపోతే లింకే మార్చాలి. మర వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి దిగి ఉండాలి, అంటే 20 మిల్లీమీటర్ల మరకు 30 మిల్లీమీటర్లు. కోటనట్టు (పిన్నుకు గాడులున్న నట్టు) బిగించాక స్ప్లిట్ పిన్ను కన్నం కలవకపోతే ముందుకే బిగించి కలపాలి, వెనక్కి తిప్పి కాదు. కోను కొలత కలవలేదని కన్నాన్ని తిన్నగా డ్రిల్ చేసి బోల్టు వేయడం కూడా చూస్తుంటాం. కోను తన ఒరలో మొత్తం ఆనితేనే భారం మోస్తుంది, తిన్నని కన్నంలో బోల్టు రోజూ కొట్టుకుని విరుగుతుంది.

ఆర్మ్ పొడవు మార్చుకునే ఆశ చాలామందికి ఉంటుంది. లెక్క సులువే. 150 మిల్లీమీటర్ల ఆర్మ్ ఒక పక్కకు 40 డిగ్రీలు తిరిగితే కొస 96 మిల్లీమీటర్లు జరుగుతుంది. 165 పెడితే పదోవంతు ఎక్కువ జరుగుతుంది, చక్రం త్వరగా తిరుగుతుంది, చేతికీ బాక్సుకూ బరువూ పదోవంతు పెరుగుతుంది. కిందికి ఎక్కువ దిగిన ఆర్మ్ సంగతి వేరు. 100 మిల్లీమీటర్ల దిగువను 150 చేస్తే సెక్టార్ షాఫ్టును, ఛాసీని వంచే బలం ఒకటిన్నర రెట్లు అవుతుంది. డ్రాగ్ లింకు ఏటవాలు తగ్గించడానికి నన్నడిగితే ఆర్మ్ దించడం కన్నా చక్రం దగ్గర లింకు తగిలే నకిల్ ఆర్మ్‌ను ఎత్తడమే మేలు. ఖర్చు ఎక్కువే, కానీ బాక్సు బతుకుతుంది.

ఆ ఏటవాలు ఎందుకు ముఖ్యమంటే, గుంతలో చక్రం పైకి లేచినప్పుడు యాక్సిల్ కమాన్ గీసే వంపులో పోతుంది, లింకు కొస తన వంపులో పోతుంది. రెండు వంపులూ ఎంత దూరమైతే అంత చక్రం తనంతట తాను తిరుగుతుంది. కొలవడం ఇట్లా. స్టీరింగ్ కట్టేసే ఉంచండి. చక్రం డిస్కుకు నాలుగడుగుల తిన్నని కర్ర కట్టి, దాని కొస కింద నేల మీద గీత గీయండి. ముందు వైపు బంపరుకు బరువేసి దించి ఒక గీత, ఛాసీని జాకీతో లేపి ఇంకో గీత. గీతల మధ్య రెండు వేళ్ళ సందు కన్నా ఎక్కువ వస్తే లింకు కోణం సరిచేయాల్సిందే. బాక్సు ఎంత కొత్తదైనా ఆ బండి క్వారీ దారిలో చేతులు విరుస్తుంది.

చివర్లో చక్రం మరీ తిరగకుండా ఆపే స్టాపరు బోల్టులు. యాక్సిల్ మీది స్టాపరు ముందు తగలాలి, బాక్సు కొస తర్వాత. వెడల్పు టైరు కమాన్‌కు రాసుకోకుండా కూడా ఇవే కాపాడతాయి. లింకు పొడవు మార్చిన ప్రతిసారీ రెండు పక్కలా చూడాలి. ఆపైన టో-ఇన్, అంటే ముందు చక్రాల ముందు అంచులు వెనక అంచుల కన్నా ఎంత దగ్గరగా ఉన్నాయన్న కొలత. విల్లీస్ నాటి లెక్క 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు, దారం కట్టి టేపుతో కొలిచినా కుదురుతుంది.

పవర్ బాక్సు అయితే ప్రెజర్ హోసు దానికి తయారైనదే కావాలి. డీజిల్ హోసు క్లిప్పులతో బిగిస్తే పంపు ఒత్తిడికి విడిపోయి వేడి ఆయిలు సైలెన్సరు మీద పడుతుంది. గాలి తీయడానికి, ముందరి చక్రాలు లేపి, ఇంజను ఆపి, డబ్బా నింపి, కొస నుంచి కొసకు ఇరవైసార్లు నిదానంగా తిప్పండి, ఆయిలు తగ్గిన కొద్దీ పోస్తా. నురగ ఆగాకే ఇంజను. స్టార్ట్ చేశాక కూడా కొస దగ్గర ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. మే నెల నెల్లూరు ఎండలో ఇసకలో ఇరుక్కుని స్టీరింగ్‌ను కొసకు నొక్కిపట్టి గింజుకుంటే ఆ ఆయిలు నిమిషాల్లో కాగుతుంది.

మొదటి నడక ఖాళీ మైదానంలో, ఇరవై వేగంలో. హైవే తర్వాత. అన్నీ బిగించాక ప్రతి బోల్టు తల మీదుగా ఛాసీ మీదికి, డ్రాప్ ఆర్మ్ నట్టు మీదుగా ఆర్మ్ మీదికి తెల్ల పెయింటుతో ఒక సన్నని గీత వేయండి. వంద కిలోమీటర్లకు ఒకసారి, ఐదొందలకు ఒకసారి, ఆపైన ప్రతి రాళ్ళ దారి తర్వాత వంగి ఆ గీతలు చూడండి. గీత విరిగిందంటే బోల్టు కదిలింది. ఊరికే మళ్ళీ బిగించేసి పోకుండా ఛాసీలోని స్లీవు నలిగిందేమో విప్పి చూడండి. ఉప్పునీళ్ళలో దిగిన రోజు మాత్రం చూసేముందు మంచినీళ్ళతో ఛాసీ లోపలివైపు కడగాలి. రేగడి మట్టి పేరుకున్నా కడగాలి, లేకపోతే గీతే కనపడదు.